మిరియం కడుపు, మిగిలిన అన్నం

బరువు తగ్గే ఆపరేషన్ ఆడవాళ్లు అందం కోసం చేయించుకుంటారని ఎవరన్నా అంటే నమ్మకండి. అదంతా పరోపకారం! మా చోడవరం మిరియమే అందుకు సాక్ష్యం.

మిరియం లావు ఊరి ఉమ్మడి ఆస్తి. షేర్ ఆటో డ్రైవర్ ఆవిణ్ణి చూడగానే పక్కవాళ్లని సర్దుకోమనేవాడు. రోలుగుంట ఆడపడుచు ఫోన్‌లో జీలకర్ర నీళ్లు తాగించేది. ఇంత ఉచిత వైద్యం ఇంకెక్కడ దొరుకుతుంది, చెప్పండి?

అత్తగారు వరమ్మ మహా భక్తిపరురాలు. గిన్నెలో అన్నం మిగిలితే ఆవిడ ప్రాణం ఒప్పదు.

"దేవుడిచ్చిన తిండి పారీకూడదే. ఆ నాలుగు మెతుకులూ నువ్వు తినీ," అనేవారు.

నాలుగు మెతుకులంటే పళ్లెం నిండా. పిల్లలు వదిలిన పెరుగన్నం, ఇంటి ప్రార్థనయ్యాక అడుగున మిగిలిన బిర్యానీ, అన్నీ మిరియం కడుపులోకే. ఒకసారి "వద్దత్తయ్యా" అంది. ఆ పూట వరమ్మగారు భోజనం మానేసి, కోడలి మనసు మారాలని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. మిరియం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు అదే అత్తగారు, "ఏటే అలా ఊరిపోతన్నావు? నోరు కట్టుకో," అన్నారు. న్యాయమే కదా!

విశాఖలో డాక్టర్, ఆపరేషన్ ఎందుకమ్మా అని మిరియాన్నే అడిగాడు.

"షుగరొచ్చీసేలాగుందండి," అన్నాడు భర్త యెహోషువ.

"పెళ్లిళ్లలో నలుగురూ నవ్వుతన్నారు బాబూ," అన్నారు వరమ్మగారు.

మిరియం మాత్రం, "తర్వాత ఎంత తినగలనండి?" అంది.

"చిన్న కప్పుడు. అది దాటితే వాంతే."

"ఆ ముక్క వీళ్లకి గట్టిగా సెప్పండి సార్," అంది. డాక్టర్ చెప్పాక సంతకం పెట్టింది. తన నోటితో అన్న 'వద్దు' చెల్లలేదు. పాపం, డాక్టర్ చేత అనిపించింది.

ఇప్పుడు మిరియం సగమైంది. మొహంలో కళ పోయిందని ఊరు బెంగపెట్టుకుంది. ఇంట్లో అన్నం మాత్రం ఎప్పటిలా మిగులుతోంది. పారేస్తే పాపం కాబట్టి యెహోషువ తింటున్నాడు. మొన్న అతని ప్యాంటు బొత్తాం ఊడి పడింది.

వరమ్మగారు కంగారుపడి వంటింట్లోకి వచ్చారు. "ఒసే మిరియం, రేపట్నించి ఓ గ్లాసు బియ్యం తగ్గించి ఎయ్యే. గుంటడికి ఒళ్లొచ్చీసింది."

బియ్యం డబ్బాలో గ్లాసు అలాగే ఉంచి, మిరియం పొట్ట మీద కుట్ల మచ్చలు తడుముకుంది.

"ఇంత సులువా, అత్తయ్యా?" అంది.