దున్నపోతు చీటీ

ఆ పొద్దున కోడలు అనుకున్నది చిన్న పనే. వంట త్వరగా ముగించి, పన్నెండులోపు ఒక్క చీటీ సంపాదించాలి. ఆవిడ నిఘంటువు ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగి. 'దున్నపోతు' అని మగవాళ్ళనే కాదు, కదలకుండా కూర్చుంటే ఆడవాళ్ళనీ తిడతారని రాసింది. ముందురోజు పెద్ద సంపాదకుడు దానికి ఒప్పుకోలేదు.

"పోతంటేనే మగదమ్మా! ఆడవాళ్ళని ఎవరంటారు? రేపు పన్నెండులోపు చీటీ చూపించు, ఉద్యోగం ఖాయం చేస్తా. లేదంటే వేరేచోట చూసుకో" అన్నాడు.

చీటీ అంటే ఆషామాషీ కాదు. ఆ మాట ఎవరన్నారు, ఎవరిని, ఎప్పుడు, అన్నీ చెవులారా విని అక్కడికక్కడే రాయాలి. చిన్నప్పుడు తను తిన్న తిట్లు బోలెడున్నా, పాపం, ఒక్కటీ చెల్లదు.

మగవాళ్ళ చీటీ మాత్రం సిద్ధంగా ఉంది. కొంప ముంచింది అదే. బల్ల మీద అత్తగారి కంటపడింది.

"మాట: దున్నపోతు. అన్నది: నేను. ఎవరిని: మా ఆయనని. ఎప్పుడు: ఆదివారం పదిన్నరకి, మూడోసారి లేపినప్పుడు."

"నా కొడుకుని దున్నపోతంటావా? పైగా రాసి దాచుకుంటావా?"

"అయ్యో, అది ఆఫీసుకి అత్తయ్యా!"

"ఆఫీసులో కూడా చెప్పావూ!"

అత్తగారు కూతురికి ఫోన్ చేసింది. "మీ వదిన తేదీ, టైముతో సహా అన్నయ్య తప్పులు రాసి పెడుతోందే!" కోర్టులో చూపించడానికి కాకపోతే ఎందుకు రాస్తుందని ఆడపడుచు అన్నయ్యకి ఫోన్ చేసి, తనూ ఆటో ఎక్కింది. భర్త సెలవు పెట్టి, చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు.

"రేపట్నుంచి ఆరింటికే లేస్తానే! విడాకులు మాత్రం వద్దు!"

ఆ మొహం చూస్తే కోడలికి జాలేసింది. నోరు విప్పబోతే ఆడపడుచు ఏడుపు లంకించుకుంది. గడియారం చూస్తే పన్నెండుకి పది నిమిషాలు. ఇక ఉద్యోగం పోయినట్టేనని కోడలు కుర్చీలో కూలబడింది.

"ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఉలుకూ పలుకూ లేకుండా ఆ కూర్చోడమేంటే, దున్నపోతులా!" అని అరిచింది అత్తగారు.

కోడలు దిగ్గున లేచి అత్తగారిని వాటేసుకుంది. "మీరు చల్లగా ఉండాలి అత్తయ్యా! కలం, కలమేదీ?"

పన్నెండులోపే చీటీ ఫోటో సంపాదకుడికి వెళ్ళింది. పన్నెండున్నరకి ఉద్యోగం ఖాయమైంది. సంగతంతా విన్నాక అత్తగారు చీటీని ఇంకోసారి చదువుకుంది. తర్వాత మెల్లగా, "ఉత్తినే అత్తగారంటే ఎవరికి తెలుస్తుందే? నా పేరు కూడా వెయ్యి" అంది.

వచ్చిన ఆదివారం పదకొండింటికి భర్త మీద రెండో చీటీ పడింది. అన్నది: అత్తగారు, పేరుతో సహా.