తొట్టెల కమ్మి

తిరుమలగిరిలో కిరాయి కారు నడిపే ఐలేశం ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నంలోగా కారుకు ఒక కమ్మి బిగించాలి. భార్య అండాలునూ, నాలుగు నెలల కూతురినీ ఎక్కించుకొని చీకటి పడకముందే రామన్నపేట చేరాలి. అక్కడ అండాలు తండ్రి మారయ్య కాలు విరిగి, పసరు కట్టుతో మంచంలో ఉన్నాడు. మనుమరాలిని చూపించమని ఇప్పటికి మూడుసార్లు కబురు పెట్టాడు. కారుకు ఒక్క దీపమే వెలుగుతుంది కాబట్టి పొద్దుగూకితే ప్రయాణం లేనట్టే.

కమ్మి అండాలు పెట్టిన షరతు. కిందటిసారి ప్రతి మలుపులోనూ కారు ఒక పక్కకు ఒరిగింది. పిల్లను ఒళ్లో అదుముకొని ఆమె సీటు ఈ చివరి నుంచి ఆ చివరికి జారింది.

"ఊగే కారుల నా బిడ్డను ఎక్కియ్య," అని తేల్చి చెప్పింది.

ముందు చక్రాల రెండు పక్కలనూ కింద నుంచి గట్టి స్ప్రింగు ఉక్కు కమ్మితో కలిపితే కారు ఒరగదని హైదరాబాదు మెకానిక్ ఒకతను ఎప్పుడో చెప్పాడు. కమ్మరి గాలయ్య బిగిస్తానన్నాడు గానీ, అంత పొడుగు కమ్మి తన దగ్గర లేదన్నాడు. ఐలేశం ఇంటికొచ్చి, ఆలోచిస్తూ పైకి చూశాడు. రెండు దూలాల మధ్య కమ్మి. కమ్మికి తొట్టెల. తొట్టెలలో పిల్ల.

అండాలు బట్టలు ఉతికి వచ్చేసరికి తొట్టెల నేల మీద ఉంది. గాలయ్య కమ్మి చివర్లు కాల్చి వంచి, దానితో సహా కారు కింద దూరాడు. ఐలేశం తల్లి హనుమమ్మ చేతుల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"నా బిడ్డ ఏడ పండాలె?" అంది అండాలు.

"జరసేపే. నువ్వే అడిగితివి గద," అన్నాడు ఐలేశం.

"కారు ఊగొద్దంటి. తొట్టెల ఊగొద్దంటినా?"

హనుమమ్మ పిల్లను కారు వెనక సీట్లో పడుకోబెట్టి, కారును పక్క నుంచి మెల్లగా ఊపింది. ఏడుపు ఆగింది. చేయి తీస్తే మళ్లీ మొదలైంది. అండాలు కూడా వచ్చి చేయి వేసింది.

"ఊపకుండ్రి," అన్నాడు గాలయ్య కింద నుంచి. "బోల్టు పెట్టేసరికి బెజ్జం పక్కకు పోతాంది."

"ఊపకుంటే పోరి లేస్తది. నువ్వే జర బెజ్జం ఎంట పో," అంది హనుమమ్మ.

అటుగా పోతున్న బుచ్చయ్య అత్తాకోడళ్లను చూసి, కారు స్టార్టు కావడం లేదనుకున్నాడు. ఎవరినీ అడగకుండా వెనక నుంచి భుజం పెట్టి తోశాడు. చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లు కారును ఆపాయి. గాలయ్య గ్రీజు ముఖంతో బయటికొచ్చాడు.

"సాయం చేద్దామనుకున్న," అన్నాడు బుచ్చయ్య.

"నాకా, యమునికా?"

బుచ్చయ్యనూ ఊపే పనిలో పెట్టారు. పొద్దు వాలుతుండగా గాలయ్య చివరి బోల్టు బిగించాడు. అంతే, కారు ఊగడం మానేసింది. నలుగురు కలిసి తోసినా కదల్లేదు.

"సూడుండ్రి, గుట్టలెక్క నిలబడ్డది," అని గాలయ్య మీసం దువ్వుకున్నాడు.

పిల్ల లేచింది. ఐలేశం కారును వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. ఒక్క పక్కకు ఒరగలేదు, ఒక్క క్షణం ఏడుపు ఆగలేదు. పిల్ల ముఖం కందిపోయింది. అండాలు పిల్లను చూసింది, పొద్దును చూసింది.

"తియ్యుండ్రి," అంది.

"ఏంది?"

"కమ్మి."

"పొద్దంత బిగిస్తి గదనే," అన్నాడు గాలయ్య.

"బిగించుడు వచ్చినోనికి తీసుడు రాదా?"

రామన్నపేటలో తొట్టెల కట్టుకోవడానికి కమ్మిని డిక్కీలో వేసుకొని బయలుదేరారు. మొదటి మలుపులోనే పిల్ల నిద్రపోయింది. అండాలు సీటు ఈ చివరి నుంచి ఆ చివరికి జారుతూనే పిల్ల మీద కొంగు కప్పింది. తర్వాత రోడ్డు తిన్నగా సాగింది. పిల్ల కదిలింది.

"ఏమయ్యా, గీడ మలుపులు లేవా?" అంది అండాలు ఆదుర్దాగా.

ఐలేశం ఖాళీ రోడ్డు మీద స్టీరింగు అటూ ఇటూ తిప్పుకుంటూ పోయాడు.

దీపాల వేళకు వాకిట్లో మంచం మీదున్న మారయ్య వంకరటింకరగా వస్తున్న కారును చూశాడు.

"అల్లుడు తాగి నడుపుతాండా, బిడ్డా?"

"మెల్లగ మాట్లాడు బాపూ, లేస్తది," అంటూ అండాలు పిల్లను ఆయన పక్కన పడుకోబెట్టింది. మారయ్య మనుమరాలి ముఖం కళ్లారా చూశాడు. అప్పుడే ఐలేశం ఇంజను ఆపాడు. పిల్ల కళ్లు తెరిచి నోరు తెరిచింది.

దూలానికి కమ్మి ఎక్కేదాకా, విరిగిన కాలితో సహా మారయ్య మంచాన్ని ఇంటిల్లిపాదీ ఊపుతూనే ఉన్నారు.