చరిత్ర పరిషత్తుకు పైకప్పు

చరిత్రకు ఇన్నాళ్ళూ తీరని అన్యాయం జరిగిందనీ, తమ ప్రభుత్వం చరిత్రకు న్యాయం చేసి తీరుతుందనీ, ఈ విషయంలో రాజీపడే ప్రసక్తే లేదనీ సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. రాజీకి రమ్మని ఆయన్ని ఎవరు బతిమాలారో మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్ళు అన్నీ విడమరిచి చెప్పరు, మనమే అర్థం చేసుకోవాలి. "ప్రాంతీయ చరిత్ర పరిషత్తులన్నిటినీ పునాదుల నుంచి పటిష్ఠం చేస్తాం" అన్న ఆయన ఆఖరి మాటను పత్రికలు పెద్దక్షరాలతో అచ్చేశాయి.

ఆ పెద్దక్షరాలు చదువుతూ కార్యదర్శిగారు చేతిలో కాఫీ ఉన్న సంగతే మరిచిపోయారు.

ఆయన కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో చరిత్ర పరిషత్తుకు ఆయనే కార్యదర్శి, ఆయనే గుమాస్తా. తాళం తీసేదీ చీపురు పట్టేదీ కూడా ఆయనే. పరిషత్తంటే మరేం లేదు, ఒక పాత పెంకుల హాలు. గోడల వెంట బీరువాలు, బీరువాల్లో పాత పత్రికల బైండ్లు, చేతిరాత ప్రతులు, అన్నిటికన్నా విలువైనది గుడ్డ మీద గీసిన ఆ ఊరి మొదటి మ్యాపు. అంత హాల్లోనూ కప్పు కారేది సరిగ్గా ఆ మ్యాపున్న బీరువా మీదే. వాన పడిందంటే ఆయన ఇంట్లో బకెట్లన్నీ పట్టుకుపోయి అక్కడ పెట్టేవారు.

"మా బాత్రూములో చరిత్ర లేదు కదండీ, అందుకని బకెట్టూ లేదు" అని ఆయన భార్య ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పేది.

పోయిన వానాకాలంలో మ్యాపు ఒక మూల తడిసి, అందులో ఏరు కాస్తా అలుక్కుపోయింది. ఈసారి వానకి ఊరు కూడా పోతుందని ఆయన బెంగ. ఆయనకి కొత్త భవనం వద్దు, బిరుదు వద్దు, వేదిక వద్దు. వానలు మొదలయ్యేలోగా ఆ కప్పు బాగుపడితే చాలు, హాయిగా కళ్ళు మూసుకుంటాననుకునేవారు.

పరిషత్తుకు అధ్యక్షుడు టెంట్ హౌస్ యజమాని. ఇదివరకు ఆ పదవిలో ఒక పండితుడు ఉండేవారు. ఆయన పోయాక సభలకి కుర్చీలు అద్దెకు తేవడం పరిషత్తుకు తలకు మించిన పనైంది. దాంతో కార్యవర్గం కూలంకషంగా చర్చించి, కుర్చీలున్న మనిషినే ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఆయనకి చరిత్ర అంటే ఎంత గౌరవమంటే, ఇంతవరకూ ఒక్క బైండు కూడా ముట్టుకోలేదు.

ప్రకటన చదివిన పూటే కార్యదర్శిగారు అర్జీ రాసుకుని, అధ్యక్షుణ్ణి వెంటపెట్టుకుని మంత్రిగారి ఆఫీసుకు పరుగెత్తారు. మంత్రిగారు చరిత్రకు న్యాయం చేసే పనిలో తలమునకలుగా ఉండటం వల్ల పీఏ మాట్లాడాడు.

"మాస్టారూ, కప్పు రిపేరు అంటున్నారు. దానికి మా దగ్గర ప్రొవిజన్ లేదండి. కొత్త భవనానికైతే ఉంది."

"మాకు కొత్త భవనం అక్కర్లేదండీ. కప్పు ఒక్కటి చాలు."

"కప్పుకి శంకుస్థాపన ఎలా చేస్తామండీ? సారు నిచ్చెనెక్కాలా?"

"పోనీ, బాగుచేశాక ప్రారంభోత్సవం..."

"రిబ్బను ఎక్కడ కడతారు? కప్పుకి గుమ్మం ఉందా?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఏ విద్యార్థీ కార్యదర్శిగారిని ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

"అయినా ఒక్క సంగతి ఆలోచించండి" అన్నాడు పీఏ, జాలిపడి. "భవనం వస్తే దాంతోపాటే కప్పు వస్తుందా రాదా? కప్పు లేకుండా భవనం కడతారా ఎవరన్నా?"

"అదీ నిజమే!" అన్నాడు అధ్యక్షుడు. ఆయన అప్పటికే సభకి ఎన్ని కుర్చీలు పడతాయో గోడ మీద చూపులతోనే లెక్కేస్తున్నాడు.

మర్నాడే పీఏ స్థలం చూడటానికి వేంచేశాడు. ఫైలు కదలడానికే యుగాలు పట్టే ఈ రోజుల్లో ఆ వేగాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. అయితే పరిషత్తు ఆవరణలో అడుగుపెట్టగానే ఆయనకి ఒక చిక్కు ఎదురైంది. ఆ ఆవరణ నిండా శిలాఫలకాలే. వచ్చిన ప్రతి సాంస్కృతిక మంత్రీ పరిషత్తుకు కొత్త భవనం కట్టిస్తానని శంకుస్థాపన చేసి వెళ్ళాడు మరి. ఫలకాలు నాణ్యమైనవి, ఒక్కటీ చెక్కుచెదరలేదు. భవనాలు మాత్రం ఇంకా రావలసి ఉంది.

"ఇది తీసేసి మనది పెడదాం" అన్నాడు పీఏ, గేటు పక్కనున్న ఫలకం చూపించి.

"అది ప్రతిపక్ష నాయకుడు మంత్రిగా ఉన్నప్పుడు వేసిందండీ."

"అమ్మో, ముట్టుకుంటే ధర్నా చేస్తాడు. పోనీ, ఆ మూలది?"

"ఆయన మొన్ననే మీ పార్టీలో చేరారు."

"అయితే అసలే ముట్టుకోకూడదు. బావి దగ్గరది ఎవరిదండీ, నాచు పట్టింది?"

"అది మీ సారుదేనండీ. వెనక వేరే పార్టీలో ఉండగా ఇదే శాఖ చూశారు. అప్పుడు వేశారు."

పీఏ గబుక్కున చెప్పులు విడిచి ఆ ఫలకానికి దణ్ణం పెట్టాడు. తర్వాత జేబురుమాలుతో నాచు తుడిచాడు. విధేయత అంటే అదీ! తుడిచి, నడుం మీద చేతులు వేసుకుని చుట్టూ చూశాడు.

"జానెడు ఖాళీ లేదే! మరి ఆ పెంకులదేమిటి?"

"అదేనండీ పరిషత్తు."

"దీనికి శంకుస్థాపన ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండీ. వెనకటికి ఊళ్ళోవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నారు."

"ఫలకం లేదా?"

"లేదండీ."

"ఆ మాట ముందే చెప్పరేం మాస్టారూ!" అన్నాడు పీఏ, మొహం విప్పారగా. "ఫలకం లేకపోతే కట్టడం లేనట్టే. మా రూల్స్ ప్రకారం ఇది ఖాళీ స్థలం."

హాలు పడగొడితే ఈ బైండ్లూ మ్యాపూ ఎక్కడ పెట్టాలని కార్యదర్శిగారు అడిగారు.

"నా గోడౌను లేదూ?" అన్నాడు అధ్యక్షుడు. "కార్పెట్ల పక్కన పెట్టిద్దాం. అయినా మంత్రిగారు పూనుకున్నాక ఎన్నాళ్ళు లెండి! ఇలా తిరిగేసరికి కొత్త హాలు లేచి కూర్చుంటుంది."

"మీరు వేదిక మీద సారు పక్కనే కూర్చుంటారు మాస్టారూ" అన్నాడు పీఏ. "చరిత్ర గురించి అయిదు నిమిషాలు మీ ప్రసంగం. టీవీవాళ్ళు వస్తారు."

అయిదు నిమిషాలు! కాలేజీలో ఆయన క్లాసు ఎప్పుడూ భోజనాలయ్యాక ఉండేది. మెలకువగా ఉన్న మనుషులకి చరిత్ర చెప్పే భాగ్యం ఆయనకి ఇంతవరకూ కలగలేదు. హాలు పడగొట్టడానికి సమ్మతి పత్రం మీద ఆయన సంతకం గుండ్రంగా వచ్చింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే ఆయన భార్య ముక్కున వేలేసుకుంది.

"కప్పు కారుతోందని హాలే పడగొట్టిస్తారుటండీ! తలనొప్పి వస్తే ఏం చేస్తారు మీరు?"

"కొత్త భవనం వస్తుందే. దానికి కప్పు ఉంటుంది."

"ఆ ఫలకాలు వేసినవాళ్ళందరూ అదే అనలేదూ? మీతో ఎవరైనా కాస్త మెత్తగా మాట్లాడితే చాలు, ఒంటి మీద చొక్కా కూడా విప్పి చేతిలో పెట్టేస్తారు."

"ఈయన అలాంటివాడు కాదే. పేపర్లో చూశావుగా, రాజీపడే ప్రసక్తే లేదన్నాడు."

"నేనూ చదివాను లెండి. ఆ మ్యాపు మాత్రం గోడౌనుకి పంపారంటే ఊరుకోను. ఇంట్లో పెట్టండి."

బుల్డోజరు వచ్చి, హాలుని నడుమెత్తు గోడల దాకా పడగొట్టి, శంకుస్థాపనకి ఆ మాత్రం జాగా చాలని వెళ్ళిపోయింది. చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళూ కారిన ఆ ముక్క కప్పే అన్నిటికన్నా ఆఖర్న పడింది. కార్యదర్శిగారు వీధిలో నుంచుని చూశారు. ఏడుపు రాబోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు "అభివృద్ధి పనులా మాస్టారూ?" అని అడిగితే అవునని తలూపారు.

శంకుస్థాపన అంగరంగవైభవంగా జరిగింది. ఊరి నిండా కటౌట్లు, బ్యానర్లు, ఆర్చీలు. అధ్యక్షుడి టెంట్లన్నీ బయటికొచ్చాయి. మొన్నటిదాకా మ్యాపున్నచోట కొత్త ఫలకం నిలబెట్టారు. మంత్రిగారు వెండి తాపీతో చిటికెడు సిమెంటు రాసి, "చరిత్ర చరిత్ర సృష్టిస్తుంది" అన్నారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. "వచ్చే వానాకాలం మాస్టారూ నేనూ ఈ కొత్త భవనంలోనే కూర్చుని వాన చూస్తాం" అన్నారు. ఆ మాటకి కార్యదర్శిగారి కళ్ళు చెమర్చాయి. ఆయన ప్రసంగం కాగితాలు జేబులోంచి తీస్తుండగానే యాంకరు సమయాభావం అంది. మంత్రిగారు కారెక్కేశారు. కుర్చీలు ఎత్తేసే కుర్రాళ్ళకి ఒకటి రెండు వాక్యాలు వినబడ్డాయని చెబుతారు.

ఆ తర్వాత కార్యదర్శిగారు కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగారు. పీఏ ఒకనాడు కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పాడు.

"గ్రాంటు పూర్తిగా వినియోగమైపోయింది మాస్టారూ. నూటికి నూరుపాళ్ళు! మిగతా శాఖలు మమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నాయి."

"దేనికి వినియోగమైందండీ?"

"శంకుస్థాపనకి."

అంతలో మంత్రివర్గంలో మార్పులు జరిగి పాతాయన రోడ్లకి వెళ్ళిపోయారు, కొత్తాయన సంస్కృతికి వచ్చారు. పీఏ మాత్రం అక్కడే ఉన్నాడు. కొత్త మంత్రిగారు బాధ్యతలు స్వీకరిస్తూ, ఇన్నాళ్ళూ చరిత్రకు జరిగిన అన్యాయాన్ని తలుచుకుని గద్గదస్వరంతో మాట్లాడారు. మాట్లాడి, పర్యటనకు బయల్దేరి, పరిషత్తు ఆవరణ ముందు హఠాత్తుగా కారాపించారు.

నడుమెత్తు మొండిగోడలు. గోడల మధ్య మోకాలెత్తు గడ్డి. అక్కడక్కడా రాతి ఫలకాలు.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు. "ఎవరి కాలానివండీ ఇవి?"

"అయ్యా, ఇది పోయిన ఏడాది..." అని గేటు దగ్గర అర్జీతో కాచుకుని ఉన్న కార్యదర్శిగారు మొదలుపెట్టారు.

పీఏ మధ్యలోకి వచ్చేశాడు. "పోయిన ఏడాదే వెలుగులోకి వచ్చాయి సార్. చాలా ప్రాచీనం. ఇక్కడ ఇంకో ఫలకానికి జాగా లేదు సార్. శంకుస్థాపన పెట్టుకోలేం."

"శంకుస్థాపనా? చరిత్ర మీద భవనం కడతారా ఎవరైనా!" అని మంత్రిగారు మండిపడ్డారు. "తక్షణం దీన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించండి. ఒక్క ఇటుక పేర్చడానికి వీల్లేదు."

పత్రికలు దీన్ని చారిత్రక నిర్ణయమన్నాయి. అధ్యక్షుడు పట్టరాని సంతోషంతో కార్యదర్శిగారి ఇంటికొచ్చాడు.

"మన పరిషత్తే చరిత్రలోకి ఎక్కింది మాస్టారూ! బోర్డు ఆవిష్కరణకి మంత్రిగారే వస్తున్నారు. టెంట్లు మనవే."

"బైండ్లు ఎలా ఉన్నాయండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి. చెదలు పట్టాయిగానీ, తడవలేదు."

ఆవిష్కరణ నాడు పొద్దుటినుంచే మబ్బు కమ్మింది. కార్యదర్శిగారు మ్యాపుని చుట్ట చుట్టి చంకన పెట్టుకున్నారు. దాన్ని కళ్ళారా చూస్తే ఎంతటి మంత్రికైనా మనసు కరుగుతుందని ఆయన నమ్మకం.

"వాన వచ్చేలా ఉంది, తీసుకెళ్ళకండి" అంది భార్య.

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు చూస్తారే!"

ఆవిడ ఇక చెప్పి లాభం లేదని తనూ చెప్పులు వేసుకుని వెంట నడిచింది.

మంత్రిగారు తాడు లాగారు. తెర జారింది. "ఇది రక్షిత ప్రదేశం. ఇందులో ఎటువంటి నిర్మాణమూ చేపట్టరాదు. మరమ్మతు చేసినా, కప్పు వేసినా, పరదా కట్టినా శిక్షార్హులు" అని పసుప్పచ్చని అక్షరాలు మెరిశాయి. పరదా సంగతి చదవగానే అధ్యక్షుడు చట్టానికి తలవంచి టెంట్లు విప్పించడం మొదలుపెట్టాడు. కార్యదర్శిగారు జనాన్ని తోసుకుని ముందుకెళ్ళారు.

"అయ్యా, ఇది మా ఊరి మొదటి మ్యాపండీ. దీన్ని పెట్టుకోడానికి చోటు... చిన్న కప్పు ఒక్కటి..."

"కప్పా?" అన్నారు మంత్రిగారు, నొచ్చుకుంటూ. "మీరు చరిత్ర చదువుకున్నవారు, మీరే అలా అంటే ఎలాగండీ? శిథిలాల మీద కప్పు వేస్తే ఇక శిథిలాలెలా అవుతాయి?" అని పీఏ వైపు తిరిగి, "మాస్టారిని ఈ ప్రదేశానికి గౌరవ సంరక్షకులుగా వేయండి. ఎవరూ కప్పు వెయ్యకుండా ఆయనే చూసుకుంటారు" అన్నారు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగకముందే వాన దబదబా దిగింది. మంత్రిగారు కారెక్కారు, పీఏ ముందు సీట్లో దూరాడు. అధ్యక్షుడి టెంట్లు అప్పటికే లారీలో ఉన్నాయి. జనం తలో దిక్కుకీ పరుగెత్తారు. కార్యదర్శిగారు మ్యాపుని చొక్కాలో దోపుకుని మొండిగోడల మధ్య అటూ ఇటూ పరుగెత్తారు. ఎటు వెళ్ళినా పైన ఆకాశమే.

"ఇటు రండీ!" అని కేకేసింది భార్య. "త్వరగా!"

పసుపు రంగు అక్షరాలు తడిసి వెలిసిపోకుండా ఆ బోర్డు మీద ప్రభుత్వంవారు ఒక రేకు కప్పు వేయించారు. ఆవిడ ఆయన్ని దాని కిందికి లాక్కుని, చొక్కాలోంచి మ్యాపు తీసి కొంగుతో తుడిచింది. ఇద్దరూ బోర్డుకి వీపులు ఆనించి, ఊరిని మధ్యలో పెట్టుకుని నిలబడ్డారు.

ఆయన తలెత్తి రేకు కేసి చాలాసేపు పరీక్షగా చూశారు.

"కారడం లేదే" అన్నారు.