దారం లేని కుట్టు

దివాలా తీయడం చేతకానివాళ్ల పని అని ఎవరైనా అంటే నమ్మకండి. అందుకు పదకొండు ఫారాలు, ఆరు ఫోటోలు, ఇద్దరు పూచీదారులు కావాలి. (పూచీదారులు ఆస్తిపరులై ఉండాలి. మీ దగ్గర ఏమీ లేదని ఏమీ లేనివాడు వచ్చి చెబితే కార్యాలయం ఎలా నమ్ముతుంది?)

మా బావ దర్జీ. అక్కకు ఆపరేషన్ అయినప్పుడు క్రెడిట్ కార్డు గీకాడు. ఆ బాకీ తీర్చడానికి ఇంకో కార్డు తీసుకున్నాడు, దాని బాకీకి మూడోది. నాలుగేళ్లు నెలనెలా తప్పకుండా 'కనీస మొత్తం' కట్టాక చూసుకుంటే బాకీ రెట్టింపై కూర్చుంది. ఆ తర్వాత వసూలు ఏజెంటు రోజుకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసి "సార్, బాగున్నారా?" అని అడగడం మొదలుపెట్టాడు. బావ క్షేమం గురించి అంత బెంగ మా వైపు వాళ్లెవరూ పెట్టుకోలేదు.

దివాలా కార్యాలయానికి పూచీదారుగా నేనూ వెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడు. ఇంట్లో, దుకాణంలో ఉన్నవన్నీ చెప్పించి రాసుకున్నాడు. మంచం, బల్ల, ఫ్యాను అన్నీ వేలానికే. కుట్టుమిషను దగ్గర మాత్రం కలం ఆపాడు.

"ఇది వృత్తి పరికరమండీ. పద్నాలుగో నిబంధన కింద వేలానికి రాదు. కాకపోతే నడుస్తూ ఉండాలి. నడవకపోతే సామాను కింద లెక్క."

"భేషుగ్గా నడుస్తుందండీ. రోజూ కుడతాను" అన్నాడు బావ.

"కుడితే ఆదాయం ఉన్నట్టే కదండీ. ఆదాయం ఉంటే పదిహేనో నిబంధన కింద దివాలా ఇవ్వరు."

బావ నా మొహం చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

"మరి ఏం చెయ్యమంటారు?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "దారం తీసేసి కుట్టండి. అందరూ అదే చేస్తారు."

తనిఖీ అధికారి ఆరు నెలలపాటు ప్రతి నెలా మొదటి మంగళవారం వస్తాడు. ఆ ఆరు నెలలూ బావా అక్కా మా ఇంట్లోనే భోజనం చేశారు (ఏడో ఫారంలో దీన్ని 'బంధువర్గ పోషణ' అంటారు). మంగళవారం రాగానే బావ దుకాణం తెరిచి, గుడ్డ పెట్టి, ఉత్త సూదితో మిషను తొక్కేవాడు. గుడ్డ నిండా చిల్లులు పడేవి. అధికారి స్టూలు మీద కూర్చుని గంటసేపు చూసి రాసుకునేవాడు: 'పరికరం నడుస్తోంది. పని జరగడం లేదు. సంతృప్తికరం.'

"ముప్పై ఏళ్లనించి కుడుతున్నానురా. ఎప్పుడూ ఇంత సిగ్గుపడలేదు" అన్నాడు బావ ఒకరోజు. అయినా ఐదు సంతకాలు పడ్డాయి. ఇంకొక్కటి పడితే బాకీలన్నీ రద్దు, మిషను దక్కుతుంది.

ఆరో మంగళవారం అక్క ముందుజాగ్రత్తగా దారపు రీళ్లన్నీ డబ్బాలో వేసి మా ఇంట్లో దాచి వచ్చింది. బావ చొక్కా కాలరులో ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చుకుని ఉంటుందని ఆమెకు గుర్తు రాలేదు. (దర్జీలకు అది కాలరులో భాగమే.)

గంట అయింది. అధికారి ఆఖరి సంతకం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. జేబు మూల కుట్టు ఊడి ఉంది. కలం అందులోంచి జారి కింద పడింది. బావ వంగి తీసి ఇస్తూ ఆ జేబు చూశాడు.

"ఒక్క నిమిషం కదలకండి సార్."

అక్క నోరు తెరిచేలోపు చొక్కా మనిషి మీద ఉండగానే పదకొండు కుట్లు పడిపోయాయి. బావ దారం పంటితో కొరికాడు.

"ఎంతివ్వమంటారు?" అన్నాడు అధికారి.

"భలేవారే! దీనికి కూడా డబ్బులా?"

అధికారి కదిలిపోయాడు. "చాలా మంచివారండీ మీరు" అని, అదే కలంతో రాశాడు: 'దరఖాస్తుదారు పని చేయుచున్నారు. పైగా ఉచితంగా చేయగల స్థోమత కలిగి ఉన్నారు. తిరస్కరించడమైనది.'

అతను వెళ్లాక అక్క ఏడ్చింది. "ఒక్క సంతకం పడేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేకపోయారా?"

"జేబు వేలాడుతుంటే ఎలా చూస్తూ కూర్చోనే?" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద కోప్పడాలో మాత్రం తేలలేదు. నిబంధనలన్నీ అందరూ సక్రమంగా పాటించారు.

దరఖాస్తు పోవడంతో పద్నాలుగో నిబంధనా పోయింది. వారం తిరక్కుండా బ్యాంకువాళ్లు వచ్చి మిషను వ్యాన్‌లోకి ఎక్కించారు. పర్యవేక్షణకు మన అధికారే వచ్చాడు. బావ చేత రసీదు మీద సంతకం పెట్టించుకుని, మడిచి ఆ జేబులోనే పెట్టుకుని, పైనుంచి ఓసారి తట్టి చూసుకున్నాడు.

"గట్టిగానే ఉందండీ" అన్నాడు బావతో.