అమృతంలో అ

ఆదివారం పొద్దున సహస్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా దుకాణం షట్టర్ ఎత్తాలి. డబ్బాలు తుడిచి వరసగా పేర్చాలి. పదింటికి నానమ్మ అనంతమ్మ చేత రిబ్బను కత్తిరింపించాలి. ఆ తర్వాత జహీరాబాద్ జనమంతా ‘అమృతం’ అల్లం మురబ్బా కోసం ఎగబడాలి. ఈ చివరి పని ఒక్కటే తన చేతిలో లేదు కనుక, దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆమెకు గుండె దడదడలాడుతోంది.

దడకు కారణం వాళ్ల నాన్న జగన్‌మోహన్. హైవే పక్కనున్న ఆ గది ఆయనది. టైర్ల వ్యాపారి బస్వరాజ్ దాని మీద ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు. ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి నానమ్మ చేసే మురబ్బా అమ్ముకుంటానన్న కూతురికి జగన్‌మోహన్ ఒకే ఒక్క అవకాశం ఇచ్చాడు.

“ఆదివారం జనం వస్తె షాపు నీది. రాకుంటె సోమవారం పొద్దుగాల తాళం బస్వరాజ్ చేతిల పెడత. నడుమ ఏడుపులు మాత్రం వద్దు” అన్నాడు.

జనం రావాలంటే ఫ్లెక్సీ అదిరిపోవాలి. ఆ పనిని సహస్ర తన స్నేహితురాలు భార్గవికి అప్పగించింది. భార్గవి వాళ్లది గుంటూరు వైపు. తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు కావడంతో ఇక్కడే పెరిగింది. హైదరాబాద్ వెళ్లి డిజైన్ చదువుకుని వచ్చినప్పటి నుంచి ఆమె కంటికి మనుషులు ఆనడం లేదు, అక్షరాలే ఆనుతున్నాయి. ఓ పెళ్లికి వెళ్లి, శుభలేఖలో ‘శ్రీ’కి పొట్ట ఎక్కువైందని అలిగి భోజనం చెయ్యకుండా వచ్చిన పిల్ల ఆమె.

మురబ్బాకు ఫాంటు ఎంచడంలో భార్గవి పడిన తిప్పలు పిల్లకు సంబంధం చూసేవాళ్లు కూడా పడరు. గుండ్రటి అక్షరాలు చూసి “ఇవి శుభలేఖలవే, వద్దు” అంది. వంకీలు తిరిగినవి చూసి “సినిమా పోస్టరు” అంది. ఏటవాలుగా ఉన్నవాటిని “నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీ” అని తోసేసింది. ఆఖరికి నల్లగా, లావుగా, బరువుగా ఉన్న ఒకదాని దగ్గర ఆగింది.

“అక్షరమంటే ఇదే. ఎంత హుందాగా ఉందో చూడు. లారీవాడు కూడా బండాపి చూస్తాడు.”

“మంచిగనే ఉంది గని, ఇసొంటిది ఎక్కడ్నో చూసిన” అంది సహస్ర.

“మంచి ఫాంటు ఎప్పుడూ ఎక్కడో చూసినట్టే ఉంటుందే.”

ఎక్కడ చూసిందో సహస్రకు అప్పుడే గుర్తొచ్చి ఉంటే మనకీ కథ ఉండేది కాదు.

భార్గవి అక్కడితో ఆగలేదు. ‘అమృతం’లో మొదటి అక్షరం తీసేసి, ఆ చోట ‘అ’ ఆకారంలో వంకర తిరిగిన అల్లం కొమ్ము బొమ్మ పెట్టింది. కొమ్ముదీ, ఫ్లెక్సీ నేపథ్యానిదీ ఒకటే మట్టిరంగు. “చూసేవాళ్లు ఒక్క క్షణం వెతుక్కోవాలి. దొరికాక జన్మలో మరిచిపోకూడదు” అంది. సహస్ర ఫోనులో చూసింది. పేరు ముందే తెలిసిన మనిషికి అ కనబడక ఎక్కడికి పోతుంది? చక్కగా కనబడింది. ఆ ఇద్దరికీ.

పాతకాలపు నమ్మకం ఉట్టిపడాలని అనంతమ్మ ఫొటోను నలుపు తెలుపుల్లో, కింద ఆమె పేరుతో పెట్టారు. చుట్టూ బంతిపూల అంచు. పేరున్న బ్రాండుకు మొదలుపెట్టిన సంవత్సరం ఉండాలి కదా అని ‘అమృతం’ కింద ఆమె పుట్టిన ఏడు వేశారు. ‘అల్లం మురబ్బా’ అని పెద్దగా వేస్తే చవకబారుగా ఉంటుందని దాన్ని చీమంత చేశారు. అడుగున మాత్రం అందరికీ కనబడేలా, “ఆదివారం ఉదయం పది గంటలకు హైవే షట్టర్ వద్దకు తప్పక రాగలరు. ఇట్లు, కుటుంబ సభ్యులు” అని రాశారు. శనివారం సాయంత్రం సహస్ర ఇంట్లో పాకం దగ్గర ఉండగా, ప్రింటింగు షాపువాళ్లు ఆ ఫ్లెక్సీని హైవే చౌరస్తాలో కట్టేసి వెళ్లారు.

షట్టర్ ఎత్తిన కాసేపటికే మొదటి మనిషి వచ్చాడు. బడిలో సహస్రకు తెలుగు చెప్పిన విరూపాక్ష సారు. తెల్లబట్టలు, చేతిలో పూలదండ.

“అందరికన్న ముందుగాల మీరే వచ్చిన్రు సార్” అంటూ సహస్ర నవ్వు మొహంతో ఎదురెళ్లింది.

ఆ నవ్వు చూసి సారు బిత్తరపోయాడు. “రాకుంటె ఎట్ల బిడ్డా. ఫ్లెక్సీల ఒక తప్పు పడ్డది గని, అది చెప్పే సమయం గాదిది. నానమ్మ ఏది?”

“ఇంటికాడ ఉంది సార్. తానం చేపిచ్చి కొత్త చీర కట్టిన్రు. నాన్న ట్రాక్టర్ మీద తీస్కొస్తున్నడు. ట్రాక్టర్ మొత్తం బంతిపూలు కట్టినం.”

“డప్పులు చెప్పిన్రా?”

“చెప్పినం సార్.”

“మంచి పని చేసిన్రు. పెద్దమనిషికి ఆ మర్యాద ఉండాలె” అని సారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

సహస్ర ఒక మురబ్బా ముక్క ఆయన చేతిలో పెట్టింది. “నోరు తీపి చేసుకోండ్రి సార్. నానమ్మ చేసిందే.”

ఇంత దుఃఖంలో తీపి పంచుతున్న పిల్లకు మతి చలించిందనుకుని సారు కాదనలేక నోట్లో వేసుకున్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు జలజల రాలాయి. అల్లం ఘాటు అనుకుంది సహస్ర.

తర్వాత కోహీర్ నుంచి ఆటోలు వచ్చాయి. చిరాగ్‌పల్లి నుంచి జీపులో చుట్టాలు దిగారు. అందరివీ తెల్లబట్టలే, అందరి చేతుల్లోనూ దండలే. సహస్రకు ఆనందం పట్టలేదు. మురబ్బా తిన్న ప్రతివాళ్లూ ఏడుస్తుంటే, డబ్బాలు సర్దుతున్న భార్గవి చెవిలో “అల్లం జర ఎక్కువైందే” అంది.

అంతలో కోహీర్ నుంచి శాంతమ్మ వచ్చింది. అనంతమ్మకు సొంత చెల్లెలు. మురబ్బా ఎవరిది బాగుంటుందన్న పంతంతో అక్క గడప తొక్కడం ఎప్పుడో మానేసిన మనిషి. ఆమె తిన్నగా వచ్చి డబ్బాల మీద పడి గొల్లుమంది.

“అక్కా, నీ మురబ్బ ముందల నాది ఎందుకు పనికొస్తదే. నాదే మంచిగుంటదని ఊరంత అబద్ధం చెప్పుకుంట తిరిగినగదనే.”

సహస్ర ఆమెను లేపబోయింది. ఈలోపే బస్వరాజ్ జనంలోంచి ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“బిడ్డా, ఇంతమంది ముందల చెప్తున్న. ఈ షట్టర్ నాకొద్దు. మీ నాయిన ఇచ్చినా తీసుకోను. ఇది అనంతమ్మ పేరు మీదనే ఉండాలె.”

“ఎందుకన్నా?”

“మనిషే పోయినంక ఇంక షట్టర్ లొల్లి ఎందుకమ్మా.”

“ఏ మనిషి?”

బస్వరాజ్ జాలిగా ఆమె వైపు చూసి, రాత్రి నుంచి అందరి ఫోన్లలో తిరుగుతున్న ఫ్లెక్సీ ఫొటో తీసి చూపించాడు. నలుపు తెలుపు నానమ్మ. బంతిపూలు. అనంతమ్మ. దాని కింద నల్లగా, లావుగా, బరువుగా ‘మృతం’. అల్లం కొమ్ము మట్టిరంగులో మట్టయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది సహస్రకు, ఆ అక్షరాలు ఎక్కడ చూసిందో. చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలన్నీ ఆ ఫాంటులోనే ఉంటాయి. భార్గవి ఫొటో చూసి అక్కడే చతికిలబడింది.

సరిగ్గా అప్పుడే డప్పులు వినిపించాయి.

వాళ్ల చుట్టాల ఇళ్లలో పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, పూలు కట్టి, డప్పులతో సాగనంపడం ఆనవాయితీ. మలుపు తిరిగిన ట్రాక్టర్ మీద అనంతమ్మ అచ్చం అలాగే ఉంది. కొత్త చీర, చుట్టూ పూలు, దుమ్ము పడకుండా గట్టిగా మూసుకున్న కళ్లు. జనమంతా దణ్ణం పెట్టారు. శాంతమ్మ పరుగున వెళ్లి ట్రాక్టర్ ఎక్కి అక్క ఒళ్లో తల పెట్టి బావురుమంది.

అనంతమ్మ ఒక కన్ను తెరిచింది.

“జర అవుతలికి జరుగు శాంతా. చీర నలుగుతుంది.”

డప్పులు ఆగిపోయాయి. విరూపాక్ష సారు చేతిలో దండ జారి పడింది. శాంతమ్మ అక్క చెయ్యి పట్టుకుని నాడి చూసింది. ఇవేవీ తెలియని జగన్‌మోహన్ స్టీరింగు వదిలి కిందికి దిగి, ఆ గుంపును చూసి కొయ్యబారిపోయాడు.

“ఇంతమందా?” అన్నాడు.

సహస్ర వెక్కుతూ, శాంతమ్మ, బస్వరాజ్ అన్న మాటలతో సహా సంగతి చెప్పింది. అంతా విన్నాక ముందు తేరుకున్నది విరూపాక్ష సారు. “నాకు పొద్దుగాలనే అనుమానం కొట్టింది. మనిషి పోతె మృతి అంటరు, మృతం అనరు. దుఃఖంల ఉన్నోళ్లను వ్యాకరణం ఏమడగాలె అని ఊకున్న.”

భార్గవి ఏడుస్తూ వచ్చి అనంతమ్మ కాళ్లు పట్టుకుంది. “తప్పంతా నాదేనండి బామ్మగారూ.”

“బొమ్మ మంచిగనే ఏసినవ్ బిడ్డా. అది నా పానం మింగింది, అంతే” అని అనంతమ్మ ఆమెను లేపి, చెల్లెలి వైపు తిరిగింది. “నా మురబ్బ గురించి ఏందో అంటున్నవంట?”

“నేనేమనలె” అంది శాంతమ్మ.

“అన్నవ్” అన్నారు కోహీర్ వాళ్లంతా ఒక్క గొంతుతో.

బస్వరాజ్ మెల్లగా జనం వెనక్కి జారుకోబోయాడు. అనంతమ్మ కన్ను దాటిపోలేకపోయాడు. “పోయినోళ్లకు ఇచ్చిన మాట తప్పొచ్చా నాయినా?”

“తప్పొద్దమ్మా.”

“మరి ఉన్నోళ్లకు?”

బస్వరాజ్ తలొంచుకున్నాడు. జగన్‌మోహన్ జేబులోంచి తన దగ్గరున్న రెండో తాళం తీసి కూతురి చేతిలో పెట్టాడు. సహస్ర భోరుమంది. ఏడుపులు వద్దన్న సంగతి ఆయన ఈసారి గుర్తు చెయ్యలేదు. తెచ్చిన దండలు వెనక్కి తీసుకుపోవడం మంచిది కాదని జనం అన్నీ అనంతమ్మ మెడలోనే వేశారు. పరామర్శకు వచ్చి ఉత్త చేతులతో ఎలా పోతామని తలా ఒక డబ్బా కొన్నారు. శాంతమ్మ కూడా కొంది, కానీ సంచిలో అడుగున దాచుకుంది.

సోమవారం చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ఇందులో ‘అ’ లారీ చక్రమంత ఉంది, ఎర్రగా ఉంది, గుడ్డివాడు కూడా చదవగలడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పటికీ బస్సు దిగినవాళ్లు గల్లా దగ్గరికొచ్చి, అక్కడ కూర్చున్న ముసలామెనే అడుగుతారు, “సచ్చిపోయినామె మురబ్బ ఇక్కడ్నేనా?”

“ఇక్కడనే బిడ్డా” అంటుంది అనంతమ్మ డబ్బా అందిస్తూ. “నిన్ననే చేసిన.”