ఎగరబోయేవాణ్ణి ఒక్క మాట అడగొచ్చా?

మనిషి శ్రద్ధగా పని చేసుకుంటున్నప్పుడు మధ్యలో వెళ్లి పలకరించడాన్ని మించిన సంఘసేవ లేదు. ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. ఆలోచిస్తుండగా నలుగురు వచ్చి నన్ను పలకరించారు కూడా. ఆలోచన ఇంత చక్కగా కుదిరింది అందుకే.

ఒంటరిగా, నోరు మెదపకుండా పని చేసుకునేవాణ్ణి చూస్తే మీకు జాలి వేయదా? మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించి, ఆవగింజంత స్క్రూని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, లోకంలో ఎవరికీ అక్కర్లేనివాడిలా. నేను వెళ్లి కౌంటర్ మీద టకటకా కొట్టి, "ఏం మాస్టారూ, ఎంతవరకు వచ్చింది?" అంటాను. స్క్రూ ఎగిరి ఎక్కడో పడుతుంది. ఇద్దరం నేలమీద మోకాళ్లపై పాకుతూ అరగంట వెతుకుతాం. అంత దగ్గరితనం ఈ రోజుల్లో సొంత అన్నదమ్ముల మధ్యనైనా ఉందా?

మందుల షాపు అమ్మాయి మాత్రలు లెక్కపెడుతుంటే వాన పడేట్టుందా అని అడుగుతాను. మా ఆవిడ స్వెటర్ అల్లుతూ పెదవులు కదుపుతుంటే, కుట్లు లెక్కపెడుతోందని తెలిసే, రిమోట్ ఎక్కడుందంటాను. ఆ స్వెటర్‌కి ఒక చెయ్యి సరిగ్గా కుదిరింది, ఒకటి పొట్టి. సరైనది నేను ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్న వారం అల్లింది. అది యాదృచ్ఛికమని నా అభిప్రాయం.

పూర్వం పలకరించాలంటే మనిషి దాకా నడిచి వెళ్లాలి. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. సెల్‌ఫోన్ పుణ్యమా అని, మంచం మీద పడుకునే పదిమంది పనుల్ని చెడగొట్టే అవకాశం సామాన్యుడికి దక్కింది. ఇది ప్రగతి కాదా?

కాదనేవాళ్లు ఉన్నారు. అలాంటి ఒకావిడ గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముందు మా బావమరిది సంగతి. వాడు పళ్ల సెట్లు తయారుచేస్తాడు. డెంటల్ ల్యాబ్‌లో కిటికీ పక్కన బల్ల, చిన్న బర్నర్, మైనం ముద్దలు, ఎదురుగా వరసగా గులాబీ రంగు చిగుళ్లు. ఒక పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా అరగదీసి, మళ్లీ చూసి, మళ్లీ అరగదీస్తాడు. అలాంటి నెమ్మదస్తుడు నలభై రెండో ఏట ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "అక్కా, పారాగ్లైడింగ్ నేర్చుకుంటున్నాను" అన్నాడు.

"అంటే?" అంది మా ఆవిడ.

"పెద్ద గుడ్డ రెక్క ఉంటుంది. దానికి తాళ్లు, తాళ్ల కింద సీటు. కొండ మీదనుంచి కిందికి పరిగెడితే గాలే లేపుతుంది."

"ఇంజన్?"

"ఉండదు."

"మరి ఆపడం ఎలారా?"

"దిగడమే ఆపడం అక్కా."

మా ఆవిడ నావంక చూసింది, ఈ పిచ్చి మీ వైపునుంచే వచ్చిందన్నట్టు. వాడు తన తమ్ముడేనని నేను గుర్తుచేయలేదు.

వాడికి నేర్పే ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచర్. రిటైరయ్యాక ఊరి బయట ఒక గడ్డికొండ దగ్గర ఈ శిక్షణ మొదలుపెట్టింది. పొట్టి మనిషి, మెడలో విజిల్, నడుముకి వాకీటాకీ, దాని జత ఎగిరేవాళ్ల హెల్మెట్‌లో. చిన్నా పెద్దా తేడా లేకుండా అందర్నీ "నాయనా" అనే పిలుస్తుంది. పదకొండు వారాలపాటు మా వాణ్ణి నేలమీదే పరిగెత్తించింది. పన్నెండో వారం వరకూ వాడి కాళ్లు భూమిని వదల్లేదు.

ఆవిడ పద్ధతి ఇది. ఎగిరేముందు ఏడు చూసుకోవాలి. హెల్మెట్, తొడలకు బిగించే కాలిపట్టీలు రెండూ, ఛాతీపట్టీ, సీటుని రెక్కకు కలిపే కొక్కేలు, తాళ్లు, గాలి, ఎదురుగా ఉన్న ఆకాశం. ప్రతిసారీ అదే వరసలో, చేత్తో తాకి, పేరు పైకి పలికి మరీ చూసుకోవాలి. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ ఇంకో రూలు కూడా ఉంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, అది ఒక్క మాటైనా సరే, మళ్లీ హెల్మెట్ దగ్గర మొదలుపెట్టాలి.

మా వాడు ఈ రూలు చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆవిడ నన్ను ఇంకా చూడనైనా లేదు, అయినా అది నా మీద పెట్టిన రూలే.

వాడు మొదటిసారి ఒక్కడే కొండ మీదనుంచి ఎగిరే ఉదయం నేను కూడా వెళ్లాను, ధైర్యం చెబుదామని. మంచి ఎండ. కొండ అంచున కర్రకు కట్టిన గుడ్డగొట్టం గాలి ఎటునుంచి వస్తోందో చూపిస్తూ నిండుగా ఊగుతోంది. ఆ చివర టీచర్, తన దగ్గరే నేర్చుకుంటున్న కళ్లద్దాల షాపు అమ్మాయి రెక్క తాళ్ల చిక్కు విడదీస్తోంది. ఈ చివర మా వాడు వెనకాల రెక్క పరుచుకుని, సీటు వీపుకి తగిలించుకుని నిలబడ్డాడు.

"హెల్మెట్," అని తలమీద తట్టుకున్నాడు.

"నీకు భలే నప్పిందిరా," అన్నాను.

నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు. హెల్మెట్. వంగి కాలిపట్టీ అందుకోబోతుంటే, "ఒక్కసారి ఇటు చూడు, ఫొటో" అన్నాను. చూశాడు. మళ్లీ హెల్మెట్.

"ఇంకా ఎంతసేపురా?" అన్నాను. ప్రేమగానే అన్నాను.

"అయిపోయింది బావా," అని మళ్లీ హెల్మెట్ తట్టుకున్నాడు. ఈసారి మెల్లిగా, నాకు కనిపించకుండా.

అప్పుడే మా ఆవిడ వీడియో కాల్ చేసింది. వాడి చెయ్యి ఎడమ కాలిపట్టీ బకిల్ మీద ఉంది. "మీ అక్క. ఒక్క మాట మాట్లాడు," అని ఫోన్ వాడి ముఖం ముందు పెట్టాను. బకిల్ వదిలి ఫోన్ తీసుకున్నాడు.

"తిన్నావా?"

"తిన్నాను అక్కా."

"స్వెటర్ వేసుకున్నావా? పైన చలిగా ఉంటుందట."

"వేసుకున్నాను."

ఫోన్ నా చేతికిచ్చి ఒక్క క్షణం ఆగాడు. నావంక చూశాడు. నేను వాచీ చూసుకున్నాను.

"ఛాతీపట్టీ," అన్నాడు. క్లిక్ మంది.

కొక్కేలు, తాళ్లు, గాలి, ఆకాశం. అన్నీ చకచకా తాకి, చూసి, టీచర్ వైపు చెయ్యి ఊపాడు. ఆవిడ చేతిలో తాళ్లతోనే అక్కడినుంచి తలెత్తి చూసి చెయ్యెత్తింది. వాడు పరిగెత్తాడు. వెనకాల రెక్క బుస్సున లేచి, తలపైకి వచ్చి, బిగుసుకుంది. నాలుగు అడుగులు, ఐదు అడుగులు, ఆరో అడుగు గాల్లో పడింది.

నేను చప్పట్లు కొట్టాను. అప్పుడే వాడు జారాడు.

రెక్క బాగానే ఉంది. జారింది వాడు. సీటు వెనక్కి పోయింది, కాళ్లకింద ఏమీ లేదు. ఛాతీపట్టీ చంకల్లోకి, గడ్డం కిందికి తన్నుకొచ్చింది. తొడలకు బిగిసి ఉండాల్సిన రెండు పట్టీలూ గాల్లో రెపరెపలాడుతున్నాయి.

"ఏవండీ, వాడేంటి అలా వేలాడుతున్నాడు?" అంది ఫోన్లో మా ఆవిడ.

"అది స్టైల్," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

టీచర్ అప్పటికే పరుగున అంచుకి వచ్చేసింది. వాకీటాకీ నోటికి ఆనించుకుని, క్లాసులో అక్షరాలు చెప్పినంత నిదానంగా మాట్లాడుతోంది. "నాయనా, నా మాట విను. మోచేతులు రెండూ డొక్కలకి బిగించు. చేతులు పైకి లేపకు. చేతుల్లోని బ్రేకు తాళ్లు వదిలెయ్, రెక్క తనే ఎగురుతుంది. ఛాతీ దగ్గర పట్టీని కౌగిలించుకో. అంతే. ఇంకేమీ చెయ్యకు."

నేను ఆవిడ పక్కకి వెళ్లి, "మేడమ్, ఏమైంది?" అని అడిగాను.

ఆవిడ నావంక చూడలేదు. కళ్లు వాడిమీదే ఉంచి, ఖాళీగా ఉన్న చెయ్యి చాచి నా నోరు మూసింది.

పాఠకులారా, నా జీవితంలో అంత పొడవైన నిమిషంన్నర ఇంకొకటి లేదు. ఆ అరచేతికి గడ్డి వాసన, తాళ్ల నైలాన్ వాసన. నాకు ఎనిమిది ప్రశ్నలు వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. "బాగుంది నాయనా. అలాగే ఉండు. కాళ్లు దగ్గరగా పెట్టుకో. దున్నిన చేను వస్తోంది, మెత్తగా ఉంటుంది. మోకాళ్లు కొంచెం వంచు." ఎదుట రంగు రెక్క చిన్నదవుతూ, కిందికి దిగుతూ, చేనుని తాకి కూలబడింది.

ఆవిడ నా నోటిమీంచి చెయ్యి తీసి కొండ దిగి పరిగెత్తింది. నేను వెనకాల పరిగెత్తాను.

కుడి చీలమండ విరిగింది. రెండు పక్కటెముకలు చిట్లాయి. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు.

ఆస్పత్రిలో ఎవరో ఒకరు నన్ను తిడతారని ఎదురుచూశాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఫోన్ చేసింది నేనా? పట్టీ పెట్టుకోవద్దన్నానా? అంత మంచి జవాబులు వృథా అయ్యాయి. మా ఆవిడ, "నేను అప్పుడు ఫోన్ చేయకుండా ఉండాల్సింది" అని ఏడ్చింది. టీచర్ మట్టి కాళ్లతోనే వార్డులోకి వచ్చి, "దగ్గరికొచ్చి చూడకుండా చెయ్యెత్తింది నేను. తప్పు నాది" అంది. ఇక మీదట తన చేత్తో పట్టీలు లాగి చూడకుండా ఎవర్నీ ఎగరనివ్వనని కూడా అంది. మా వాడు కట్టుకట్టిన కాలు దిండుమీద పెట్టుకుని, "కాదు టీచర్, నేనే మళ్లీ మొదలుపెట్టాల్సింది" అన్నాడు. ముగ్గురూ తప్పు పంచేసుకున్నారు. నాకు ముక్క కూడా మిగల్లేదు.

అందరూ వెళ్లాక వాణ్ణి అడిగాను. "రూలు నీకు తెలుసు కదరా. నాలుగోసారి మళ్లీ ఎందుకు మొదలుపెట్టలేదు?"



"మొహమాటపడ్డాను బావా," అన్నాడు. "నువ్వు ఎదురుగా నిలబడ్డావు. అప్పటికే మూడుసార్లు మొదలుపెట్టాను. ఇంకోసారి అంటే నువ్వు నవ్వుతావని..."

ఊపిరి తీసుకుంటే పక్కటెముకల్లో నొప్పి పుట్టినట్టుంది, అక్కడితో ఆపేశాడు.

నేను ఇప్పటికీ నా సిద్ధాంతం మీదే ఉన్నాను. మధ్యలో పలకరించడం సంఘసేవే. లేకపోతే మన మర్యాద ఎంత గొప్పదో మనకెలా తెలుస్తుంది? "ఒక్క నిమిషం ఆగండి, పనిలో ఉన్నాను" అన్నవాణ్ణి పొగరుబోతు అంటాం. పని వదిలేసి మనకు జవాబు చెప్పినవాణ్ణి మంచివాడంటాం. మా బావమరిది చాలా మంచివాడు. ఆ మంచితనంతోనే, రెండు బకిళ్లు పెట్టుకోకుండానే, కొండమీదనుంచి దూకాడు. నన్ను ఇంకొక్క నిమిషం నిలబెట్టడం కంటే వాడికి అదే తేలికనిపించింది.

నాలుగు నెలలకు కాలు బాగైంది. టీచర్ మళ్లీ రెండు వారాలు నేలమీద పరిగెత్తించి, సరేనంది. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. వాడు హెల్మెట్ తట్టుకున్నాడు. మా ఆవిడ ఏదో అనబోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. ఎడమ కాలు, క్లిక్. కుడి కాలు, క్లిక్. ఛాతీపట్టీ దాకా వచ్చేసరికి ఏ పక్షో అరిస్తే అటు చూశాడు. చూసి, నావైపు తిరక్కుండా, ఏ మొహమాటం లేకుండా మళ్లీ హెల్మెట్ దగ్గర మొదలుపెట్టాడు. అంతా అయ్యాక టీచర్ వచ్చి రెండు కాలిపట్టీలూ పట్టి లాగి చూసి, వెనక్కి జరిగి, చెయ్యెత్తింది.

అరగంట ఎగిరాడు. కొండవాలు వెంట అటూ ఇటూ, కుర్చీలో కూర్చున్నంత తీరిగ్గా.

చేలో దిగగానే నేను ఆయాసపడుతూ వెళ్లాను. వాడు రెక్క మడతపెడుతున్నాడు. నన్ను చూసి, ఆగమన్నట్టు ఒక వేలు చూపించాడు. ఆగాను. తాళ్లన్నీ ఒక పక్కకి తీశాడు, మడతల్లోని గాలి అదిమాడు, సంచిలో పెట్టి జిప్ లాగాడు. అప్పుడు లేచి చేతులు దులుపుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు అడుగు బావా, ఏమిటి?"

చాలాసేపు ఆలోచించాను. అడగాల్సిందేమీ లేదు.