ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని

ఆ శనివారం ఉదయం డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కౌటు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి చివర కొండ ఎక్కాలి. భోజనాల వేళకి పైనున్న గెస్ట్‌హౌస్ ముందు హెడ్‌మేడమ్ ఎదుట వరసగా నిలబడి సెల్యూట్ కొట్టాలి. సాయంత్రానికి దిగి రావాలి. ఇంతే. ఇంత చిన్న పథకానికి ఆయనకి రాత్రంతా కంటిమీద కునుకు లేదంటే, పోయినసారి ఇలాంటి పథకమే వేసుకుని పిల్లల్ని పక్క ఊరి బస్టాండులో తేల్చారు మరి.

ఆ సంగతి హెడ్‌మేడమ్ మర్చిపోలేదు. "మాస్టారూ, మన బళ్ళో అన్నిటికన్నా పెద్ద గది మీ స్కౌటు గది. అందులో తాళ్ళూ కర్రలూ పెట్టుకుని కూర్చున్నారు. నాకేమో బెంచీలు వేయడానికి చోటు లేదు. శనివారం నేను జీపులో రోడ్డు మీదుగా పైకొచ్చి కూర్చుంటాను. భోజనాల వేళకి మీరు నాకు కనబడితే గది మీది. కనబడకపోతే సోమవారం బెంచీలు పడతాయి. ఇక స్కౌటూ లేదు, గీటూ లేదు" అన్నారు.

ఆ గది పోతే మాస్టారికి ఇక మిగిలేదేమీ లేదు. బడిలో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు మిగిలిపోయిన లెక్కలు చెప్పుకునే పీరియడు. ఇంట్లో ఆయన మాటకి రేడియోకున్న పాటి విలువ లేదు, దాన్నయినా అప్పుడప్పుడూ వింటారు. ఇంత పెద్ద ప్రపంచంలో ఆయన్ని 'కెప్టెన్ సార్' అని పిలిచేది ఆ పిల్లలే. వాళ్ళు కూడా తగ్గి తగ్గి ఐదుగురు మిగిలారు. అందరికీ పెద్దది, హుకుం జారీ చేసే లీడరమ్మ. ఊపిరి పీల్చినప్పుడు తప్ప నోరు మూయని ప్రశ్నల బాబు. అన్నం తినేటప్పుడు తప్ప నోరు తెరవని మౌనస్వామి. కొండ కిందే కాపురముంటూ, ఒకరు మొదలెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసే కవలలు.

ఆ ఐదుగురి ముందు పరువు నిలుపుకోవడానికి మాస్టారు ఒక కోత కోశారు. ఎండనీ గాలినీ చూస్తే చాలు, కొండ మీద ఏ దారి ఎటు పోతుందో తనకి తెలిసిపోతుందని. నిజానికి ఆయన పాలకేంద్రానికి వెళ్ళి కూడా వీధి తప్పే మనిషి. అందుకే శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, మేకలు కాసుకునేవాళ్ళని బతిమాలి దారి అడుగుతూ, గెస్ట్‌హౌస్ దాకా మలుపు మలుపునా చెట్లకి ఎర్రగుడ్డ పేలికలు కట్టుకుంటూ వెళ్ళి వచ్చారు. రేపు వాటిని ఓరకంట చూసుకుంటూ, పైకి మాత్రం ఎండకేసి చూస్తూ నడిచేస్తే సరిపోతుంది.

పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే భార్య ముందుగదిలోంచి కేకేసింది.

"ఏమండీ! ఈ ఎర్ర కర్టెన్ మోకాళ్ళ దాకా పొట్టిదైపోయిందేమిటండీ?"

"ఉతికితే కుదించుకుపోయి ఉంటుందిలే."

"ఉతకందే?"

మాస్టారు రెండో బూటు చేత్తో పట్టుకునే వీధిలో పడ్డారు.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. శుక్రవారం పొద్దున ఆయన పిల్లలకి స్కౌటు నియమం ఒకటి మరీ మరీ గుర్తు చేశారు. "కొండెక్కే లోపు ప్రతి ఒక్కరూ ఒక మంచి పని చేయాలి. కానీ ఎవరికీ చెప్పకూడదు. చెప్పుకుంటే అది మంచి పని కాదు, గొప్పలు. ప్రాణం పోయినా నోరు విప్పకూడదు, తెలిసిందా?" పిల్లలు గుండెల మీద చెయ్యేసుకుని మరీ ప్రమాణం చేశారు. శనివారం బడి గేటు దగ్గర ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. అది చూసి మాస్టారు మురిసిపోయారు. పిచ్చి మనిషి, అక్కడే అనుమానం రావద్దూ!

మొదటి మలుపులో పేలిక లేదు.

గాలికి ఎగిరిపోయిందేమోనని సరిపెట్టుకుని, ఎండకేసి చూసి, "ఎడమ!" అన్నారు. ఆ మలుపు ఆయనకి గుర్తే. రెండో మలుపులోనూ పేలిక లేదు. నిన్న కట్టిన చెట్టు ఇదేనా, దీని చెల్లెలా? ఎవర్ని అడగాలి? అడిగితే, 'ఏ పేలిక సార్?' అంటారు. అప్పుడు ఎండా గాలీ కోతంతా బయటపడుతుంది. మింగలేక కక్కలేక, "కుడి" అన్నారు. కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కానీ ఏమీ అనలేదు. మూడో మలుపు దగ్గర చెట్లన్నీ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. అక్కడ ఆయన నిజంగానే ఎండని నమ్ముకున్నారు.

కాసేపటికి ప్రశ్నల బాబు మొదలెట్టాడు. "కెప్టెన్ సార్, ఇందాకటి బండరాయి మళ్ళీ వచ్చిందేంటి సార్?"

"కొండ మీద రాళ్ళన్నీ ఒకేలా ఉంటాయి."

"దాని మీద నేను చాక్‌పీసుతో రాసిన నా పేరు కూడా ఒకేలా ఉంది సార్."

మాస్టారు చెమట తుడుచుకుని, ఆఖరి ఆశగా జేబులోంచి దిక్సూచి తీశారు. మూత తెరిచి చూస్తే ముల్లు ఆయన పొట్ట వైపు తిరిగింది. ఆయన అటు తిరిగారు. ముల్లూ తిరిగి మళ్ళీ పొట్టనే చూపించింది. ఇటు తిరిగినా పొట్టే. గుండ్రంగా ఒక చుట్టు చుట్టి ఆగినా పొట్టే.

"ఉత్తరం మీ కడుపులో ఉందా సార్?" అన్నాడు ప్రశ్నల బాబు, చాలా గౌరవంగా.

ఎండ నడినెత్తికొచ్చింది. పైన హెడ్‌మేడమ్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నట్టు ఆయన కళ్ళకి కట్టింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. ముందు తిండి పెడితే కాళ్ళు వాటంతటవే కదుల్తాయనుకుని, పొద్దుట్నుంచీ మోస్తున్న భోజనాల సంచి విప్పారు. బ్రెడ్డు లేదు. ఉడికించిన గుడ్లు లేవు. అరటిపళ్ళు అసలే లేవు. అడుగునుంచి మూతి దాకా మడిచి కుక్కిన పాత పేపర్లు ఉన్నాయి. పైన ఆదివారం వంటల పేజీ.

మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత మెడలో ఈల తీసుకుని, ఎవరైనా వినకపోతారా అని ఉన్న ఊపిరంతా పెట్టి ఊదారు. చప్పుడు రాలేదు. ఒక సబ్బు బుడగ వచ్చింది. మళ్ళీ ఊదితే ఇంకో రెండు వచ్చాయి. ఎండలో రంగులు తిరుగుతూ చాలా అందంగా ఉన్నాయి.

ఆయన బండరాయి మీద కూలబడిపోయారు. ఇక ఎవరిని మోసం చేయాలి, ఎందుకు చేయాలి? గది పోయినట్టే. సోమవారం నుంచి ఆ తలుపు తీస్తే బెంచీలు. కెప్టెన్ అని పిలిచేవాళ్ళు ఉండరు. 

"నాకు దారి తెలీదర్రా" అన్నారు. "ఎండ చూస్తే కళ్ళు మండుతాయి తప్ప నాకింకేమీ తెలీదు. నిన్న మా ఇంట్లో కర్టెన్ చింపి తెచ్చి దారి పొడుగునా పేలికలు కట్టాను. వాటిని చూసుకుంటూ నడుద్దామని. ఒక్కటీ లేదు. నేను కెప్టెన్నీ కాదు, పాడూ కాదు. నా వల్ల మీ గది కూడా పోయింది. నన్ను క్షమించండి."

లీడరమ్మ గొంతు సవరించుకుంది. "సార్... చేసిన మంచి పని చెప్పేస్తే, అది మంచి పని కాకుండా పోతుంది కదా సార్?"

"చేసింది మంచి పనేనని ఎవరన్నారమ్మా? చెప్పు."

గట్టు తెగింది. దిక్సూచి మూత ఊగిపోతోందని లీడరమ్మ తన పెన్సిలు డబ్బా అయస్కాంతం ఊడదీసి దానికి అతికించింది. ఈల మురికిగా ఉందని ప్రశ్నల బాబు రాత్రంతా సబ్బు నీళ్ళలో నానబెట్టాడు. కెప్టెన్ సార్‌కి నడుం నొప్పి కదా అని మౌనస్వామి భోజనాలు తీసి, ఎలాగూ పైకే పోతోంది కదా అని, మేడమ్ జీపు వెనక సీట్లో పెట్టాడు. సంచి తేలిగ్గా ఉంటే తెలిసిపోతుందని పేపర్లు కుక్కాడు. ఆ ఏడాది మొత్తంలో వాడు అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు.

"పొద్దున తెల్లారగానే కొండెక్కి..." అన్నాడు పెద్ద కవల.

"...చెత్తంతా ఏరేశాం సార్. చెట్ల నిండా ఎవరో..."

"...ఎర్రగుడ్డలు కట్టి పాడుచేశారు" అని ముగిస్తూ ఇద్దరూ జేబులు తిరగేశారు. భార్యగారి కర్టెన్ సగభాగం కుప్పగా పడింది.

మాస్టారు దాన్ని చూశారు, కవలల్ని చూశారు. అప్పుడు ఏదో తట్టింది. "కొండంతా ఎక్కారా? గెస్ట్‌హౌస్ దాకా? అయితే మీకు దారి తెలుసా?"

"పుట్టినప్పట్నుంచీ తెలుసు సార్. ఇప్పుడు మనం మా ఇంటి వెనకే ఉన్నాం."

"మరి పొద్దుట్నుంచీ ఒక్క మాట చెప్పలేదేంరా!"

"మీరు కెప్టెన్ కదా సార్. మీకు ఎండ చూస్తే తెలిసిపోతుందన్నారు కదా. ఇదేదో కొత్త దారేమో అనుకున్నాం."

మాస్టారికి తల బాదుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. తన మాటని ఈ లోకంలో ఎవరూ నమ్మరని ఇన్నేళ్ళూ కుమిలిపోయారు. నమ్మితే ఇలా ఉంటుందని ఆయనకేం తెలుసు? ఈలోగా ప్రశ్నల బాబు, ఈలలో సబ్బు ఇంకా ఉందా అయిపోయిందా అని ఊది చూశాడు. బుడగలు గుంపుగా లేచి, గాలికి కొట్టుకుపోయి, పైన ముళ్ళపొదల మీద తేలాయి.

పొదల్లోంచి ఒక గొంతు ఖంగుమంది. "ఎవరక్కడ? ఆ బుడగలు ఊదేది ఎవరు? ముందు నిలబడండి!"

మాస్టారితో సహా అందరూ లేచి నిలబడ్డారు. ఆ గొంతు వింటే బళ్ళో గోడలు కూడా నిలబడతాయి.

వెళ్ళి చూస్తే హెడ్‌మేడమ్. జుట్టంతా ఆకులు, ఒక చెప్పు తెగి, చీలమండ గుమ్మడికాయలా వాచి, నేల మీద చతికిలబడి ఉన్నారు. ఒళ్ళో మాత్రం భోజనాల మూట భద్రంగా ఉంది. వేళ దాటినా పిల్లలు కనబడకపోయేసరికి ఆవిడకి మొదట కోపం వచ్చిందట. జీపులో ఆ మూట చూశాక పిల్లలు ఆకలితో మాడిపోతున్నారని కోపం పోయి కంగారు పట్టుకుందట. డ్రైవర్ని పైనే ఉండమని, తనే మూట తీసుకుని కాలిబాటన దిగబోయి, దారి తప్పి, కాలు మడతపడి అక్కడ పడ్డారు. అరిచి అరిచి విసిగిపోయారు. ఇక తన పని అయిపోయిందని దణ్ణం పెట్టుకుంటుంటే బుడగలు కనిపించాయి.

అప్పుడు ఆ ఐదుగురూ కదిలిన తీరు చూడాలి. లీడరమ్మ ఆవిడ కాలు ఎత్తుగా పెట్టించింది. కవలలు పేలికలు అందిస్తుంటే మౌనస్వామి చకచకా కట్టు కట్టాడు. ప్రశ్నల బాబు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా రెండు కర్రలకి తాళ్ళూ చొక్కాలూ బిగించి స్ట్రెచరు తయారుచేశాడు. మాస్టారు ఏ ముడి ఎక్కడ వదులైందో చూసి బిగించారు. ముళ్ళు వేయడం మాత్రం ఆయనకి నిజంగానే వచ్చు. అక్కడే బ్రెడ్డూ గుడ్లూ తలా కాస్త తిని, కవలల్ని ముందు పెట్టుకుని మెల్లగా దిగారు. చెప్పినట్టే వాళ్ళ ఇల్లు అక్కడే ఉంది, దాని పక్కనే రోడ్డు. వెతుక్కుంటూ దిగొచ్చిన డ్రైవరు జీపు పక్కన నిలబడి జుట్టు పీక్కుంటున్నాడు.

మేడమ్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"మాస్టారూ, గది మీదే. ఈ పిల్లలు లేకపోతే నేనీపాటికి ఏమైపోయేదాన్నో! బెంచీలు వరండాలో వేయించుకుంటాను."

మాస్టారి గుండె నిండిపోయింది. నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు.

"కానీ ఒక్క సంగతి తేల్చాలి" అన్నారావిడ. గొంతు మళ్ళీ మామూలైంది. "పొద్దున్నే మీ ఆవిడ నాకు ఫోన్ చేసింది. 'మా ఆయన కర్టెన్ చింపి దారంతా కట్టొచ్చినట్టున్నాడు, అయినా తప్పిపోతాడేమో, ఒక కంట కనిపెట్టండి' అని. ఎర్రగుడ్డలుంటాయన్న ధైర్యంతోనే నేను నడిచి దిగింది. ఒక్కటంటే ఒక్కటి లేదు! ఏ వెధవ పీకాడో తెలిస్తే టీసీ ఇచ్చి పంపిస్తాను. ఎవరది?"

ఆవిడ కాలి వంక ఎవరూ చూడలేదు. లీడరమ్మ నెమ్మదిగా తన స్కార్ఫు విప్పి, "కట్టు వదులైంది మేడమ్" అంటూ దాన్ని ఎర్రగుడ్డ మీద ఇంకో చుట్టు చుట్టింది. ప్రమాణం ప్రమాణమే. ప్రాణం పోయినా నోరు విప్పకూడదు.

"సరే, దొరక్కపోడు" అన్నారు మేడమ్. "అన్నట్టు, భోజనాలు నా జీపులో పెట్టింది ఈ మాట్లాడని అబ్బాయేనట కదా? ఇందాక తింటూ పిల్లలు అన్నారు. మీరే నేర్పారట, ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని చేయమని. ఎంత గొప్ప పద్ధతండీ! వాడు ఆ మూట నా జీపులో పెట్టబట్టే నేను దిగాను, పిల్లల కడుపు నిండింది. సోమవారం నుంచి మన బళ్ళో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ రోజుకొకటి చొప్పున చేస్తారు. రహస్యంగా. మీరే ఇన్‌ఛార్జి."

జీపు వెళ్ళిపోయింది. బడి మొత్తం, ఒక్కో తరగతీ, ఒక్కో పిల్లాడూ వెలిగిపోయే మొహాలతో తన వైపు నడిచొస్తున్నట్టు మాస్టారికి కనిపించింది. ఆయన నిలబడ్డచోటే వెనక్కి ఒరిగిపోయారు. "కెప్టెన్ సార్!" అంటూ ఐదుగురూ ఒక్కసారే పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు.

స్ట్రెచరు ఎలాగూ ఖాళీగానే ఉంది.